ఒంటి వరస మొక్కజొన్న

పళ్ళ మేస్త్రికి వంకర అంటే గిట్టదు. డాక్టర్లు కొలతలు పంపిస్తే కట్టుడు పళ్ళు తయారుచేయడం అతని పని. ముప్పై ఏళ్ళుగా మైనంలో పన్ను పక్కన పన్ను గుచ్చి, వరస మీద దారం పట్టి, తల పక్కకి వంచి చూసుకుంటూ బతికాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. పళ్ళ మేస్త్రి అన్న పేరు కూడా అన్నయ్య పెట్టిందే. అదే అందరి నోళ్ళలోనూ స్థిరపడిపోయింది.

అలాంటివాడి చేతికి వదిన ఒక సీసా తెచ్చి ఇచ్చింది. అందులో గుప్పెడు తీపి మొక్కజొన్న గింజలున్నాయి. ఎండి, ముడతలు పడి, పారేయాల్సినవాటిలా ఉన్నాయి.

"మీ అన్నయ్య దాచినవి. ఇవే ఆఖరు," అంది. "ఈసారి నువ్వు నాటయ్యా. నాకు ఆ పెరట్లో అడుగు పెట్టబుద్ధి కావడం లేదు."

అప్పటికి అన్నయ్య పోయి ఆరు నెలలు. బస్సు డ్రైవరు. డిపోలో బెంచీ మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అన్నదమ్ముల ఇళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. దానికి అవతల అన్నయ్య పంతొమ్మిదేళ్ళుగా ఈ మొక్కజొన్న పండించాడు. ఏటా రెండు మంచి కండెలు విత్తనానికి వదిలేసి మిగతావి ఇరుగుపొరుగు అందరికీ తినిపించేవాడు. ఇది బజార్లో దొరికే రకం కాదు. ఈ గుప్పెడూ పాడైతే అన్నయ్య మొక్కజొన్న ఇక లేనట్టే.

మేస్త్రి అన్నయ్య పోయిన రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. చెట్టంత అన్న కూలిపోతే వీడికి చీమ కుట్టినట్టయినా లేదే అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పాపం, అతను ఏడుద్దామనే చూశాడు. రాలేదు. పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, అతనికి ఒళ్ళంతా అలా ఉంది. అన్నం తింటే ఉప్పుందో లేదో తెలియదు. అయినా తినేవాడు, పనికి కూర్చునేవాడు, అడిగినవాళ్ళకి బాగానే ఉన్నానని చెప్పేవాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పని బల్ల పైనున్న అరలో పాత గుడ్డ కింద ప్లాస్టరు అచ్చు ఒకటి దాగి ఉంది. అది అన్నయ్య నోరు. ముందు పళ్ళు ఊడిపోతే రెండేళ్ళ కిందట కొలత తీశాడు. వచ్చే వారం పెడతానన్నాడు. ఆ వచ్చే వారం రాలేదు. బయటివాళ్ళ పని ముందు, ఇంటివాడి పని వెనక.

"ఊరందరికీ పళ్ళు పెడతాడు, సొంత అన్న దగ్గరికొచ్చేసరికి మీనమేషాలు లెక్కపెడతాడు!" అని అన్నయ్య బోసినోటితో నవ్వేవాడు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!"

పోయిన పంటకి అన్నయ్య తన మొక్కజొన్న తను కొరకలేకపోయాడు. వదిన కత్తితో గింజలు కోసి గిన్నెలో వేసిస్తే చెంచాతో తిన్నాడు. నవ్వుతూనే తిన్నాడు. నెల తిరక్కుండా పోయాడు.

మేస్త్రి సీసా తీసుకుని తన పెరట్లో నేల తవ్వాడు. గోడ వెంబడి దారం కట్టి, జానకో గింజ చొప్పున, గింజలన్నీ ఒకే వరసలో నాటాడు. మొలకలు పరేడ్‌లో పోలీసుల్లా లేచాయి. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాడు. మొక్క మోకాలి దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది, తలెత్తి చూసే ఎత్తయింది. అతనికి సంతోషమూ కలగలేదు, దిగులూ కలగలేదు. చివర్న పూత జల్లు వేసిందంటే, వేసిందనుకున్నాడు.

అప్పుడు గోడవతల వదిన కనిపించింది. ఇన్నాళ్ళకి తొంగిచూడటం అదే మొదలు.

"ఇదేంటయ్యా, ఒకటే వరసా?"

"తిన్నగా ఉంది కదా వదినా."

"తిన్నగా ఉండి ఏం లాభం? మీ అన్నయ్య నాలుగు వరసలు పక్కపక్కనే, చదరంగా వేసేవాడు. పైన జల్లులో పొడి ఉందా, అది కింద కండె పీచు మీద పడాలి. ఒక్కో పీచుకి ఒక్కో గింజ. పొడి పడకపోతే అక్కడ గింజే ఉండదు. ఇలా ఒంటి వరసైతే గాలికి పొడంతా వీధి పాలే." అతని వైపు తిరిగి అంది, "పంతొమ్మిదేళ్ళు తిన్నావు. ఒక్కసారైనా చూడలేదా?"

చూడలేదు. అతనికి తెలిసింది పిలుపొక్కటే. అన్నయ్య ముందు పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అవి మరుగుతుండగా అప్పుడు కండెలు విరిచేవాడు. విరిచి ఆలస్యం చేస్తే తీపి పోతుందని అతని భయం. "ఒరేయ్, నీళ్ళు పెట్టాను, రా!" అని గోడ మీంచి కేక వేసేవాడు. మేస్త్రి ప్లాస్టరు అంటిన చేతులతోనే పరిగెత్తేవాడు.

మర్నాటి నుంచి మేస్త్రి పనికి కూర్చునేముందు, తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మెత్తని బ్రష్షు తీసుకుని పెరట్లోకి దిగాడు. జల్లు వంచి కాగితంలోకి దులిపి, పసుపుపచ్చటి ఆ పొడిని ఒక్కో కండె పీచుకీ అద్దాడు. పదకొండు రోజులు మానలేదు. చాలా కండెలకి పీచు అప్పటికే ఎండిపోయింది. ఇంటి నీడన వెనకబడ్డ ఐదారు మొక్కలకి మాత్రం పీచు ఇంకా తడిగా, లేతగా ఉంది. చెయ్యి వణక్కుండా అద్దాడు. పిచ్చి పట్టిందేమోనని వదిన గోడ దగ్గరే నిలబడి చూసింది.

మరో మూడు వారాలకి పొట్టు మీంచి బొటనవేలితో నొక్కి చూశాడు. చిగుళ్ళ సందులు తడిమే వేలు కదా, ఎక్కడ గింజ ఉందో ఎక్కడ లేదో ఇట్టే చెప్పేస్తుంది. నీడనున్న మొక్కల్లో రెండు కండెలు మొదలు నుంచి కొస దాకా నిండుగా తగిలాయి. వాటికి తెల్ల దారం కట్టి విత్తనానికి వదిలేశాడు. మిగతావి లొట్టలే.

"నీళ్ళు పెట్టాను, రా!"

బల్ల ముందు కూర్చున్న మేస్త్రి ఆ కేక వినగానే లేచాడు. ప్లాస్టరు చేతులతో గోడ దాకా వచ్చేశాక, పిలిచింది వదిన అని తెలిసింది. వెనక్కి తిరిగి ఆరు కండెలు విరిచి గోడ దాటాడు.

వంటింట్లో వదిన మొదటి కండె పొట్టు ఒలిచింది. ఇక్కడ మూడు గింజలు, అక్కడ రెండు, మధ్యలో ఖాళీ. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. పకపకా నవ్వింది.

"అచ్చం మీ అన్నయ్య నోరే!"

మేస్త్రి నవ్వలేదు. "వదినా, కొలత తీసి రెండేళ్ళు అట్టే పెట్టుకున్నాను. పళ్ళు పెట్టలేదు నేను."

"నాకు తెలియదా?" కండెల్ని ఒక్కొక్కటే మరిగే నీళ్ళలో వేస్తూ అంది. "గింజలు కోసి పెట్టిందాన్ని నేనే కదా. నీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. కూర్చో, తిందువుగాని."

ఉడికాక తలా ఒక కండె పెట్టింది. మూడోదాన్ని చేతిలోకి తీసుకుని కత్తితో గింజలు కోసి గిన్నెలో వేసి, చెంచా కూడా పెట్టేసింది. పెట్టాక గానీ ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మేస్త్రి లేచి ఆ గిన్నె అందుకున్నాడు. నోట్లో ఉన్న పళ్ళన్నీ గట్టివే అయినా చెంచాతోనే తిన్నాడు. మొదటి చెంచాకి ఏమీ తెలియలేదు. రెండోదానికీ తెలియలేదు. మూడోదానికి నాలుక మీద తీపి తగిలింది. అన్నయ్య ఇంత తియ్యటిదాన్ని కొరుక్కోలేక ఇలా తిన్నాడన్నమాట అనుకున్నాడు. అంతే, నోట్లో గింజలు నోట్లో ఉండగానే భోరుమన్నాడు. గింజ అడ్డం పడి పొలమారింది.

వదిన పరుగున వచ్చి నడినెత్తిన తట్టింది.

"మీ అన్నయ్యే తలుచుకుంటున్నాడు," అంది. "తలుచుకోడానికి పళ్ళక్కర్లేదుగా."