వకీలు సాబు మెచ్చిన బుక్కు

హన్మకొండల మా లైబ్రరీకి నిజాం పోలీసులు సోదాకు రావడం ఎక్కువైనంక, రష్యా విప్లవ చరిత్రకు నేను అమెరికా ప్రెసిడెంటు జీవితచరిత్ర అట్ట అంటించి పెట్టిన. ఆ అట్ట చూసి వకీలు విఠల్ రావు దాన్ని ఇంటికి తీస్కపోయిండు. నెల దినాలు చంకల పెట్టుకొని బజారంత తిరిగిండు.

వాపసు తెచ్చిన దినం పదిమంది ముంగట నిలవడి, "అమెరికా సంగతి తెల్వాలంటే ఇది చదువుండ్రి. ఆ రష్యా బుక్కులు చదివితే దిమాగ్ ఖరాబైతది" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. ఒక్క పేజీ తిప్పినా తెలిసేది గద!

"రెండో భాగం గూడ ఉన్నది వకీలు సాబ్" అన్న. ఇంకో ప్రెసిడెంటు అట్టల కాజీపేట రైళ్ల పాత టైంటేబుల్ పెట్టి, కుట్టి ఇచ్చిన.

నెల తర్వాత లైబ్రరీ సభల ఆయన లేచి, "రెండో భాగం మొదటిదాన్ని మించింది. అందరు చదవాలె" అన్నడు.

అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టినోళ్లు నలుగురు. ఆయన చెప్పిండని మొదటి భాగం తీస్కపోయి, అమెరికా సంగతులు మస్తుగున్నయని మెచ్చుకుంట తెచ్చిచ్చినోళ్లు వాళ్లే.