మురికి పట్టే పొడి

ఇలా రావే బంగారం, ఆ పీట దగ్గరికి లాక్కుని కూర్చో. మీ నాన్న గిన్నెలు తోముతాడని నీ స్నేహితురాలు నవ్విందన్నావు కదా. ఆ కథ విను.

అప్పటికి నువ్వు చంటిదానివి. రంగుల కార్ఖానా వదిలే నీళ్ళని బాగుచేసే ప్రయోగశాలలో మీ అమ్మకి ఉద్యోగం. ఇంటికొచ్చేసరికి గోళ్ళ నిండా మసి. "ఊరి మురికంతా కడుగుతుంది, ఇంట్లో సింకు మాత్రం కంటికి ఆనదు" అనేవాడు మీ నాన్న. ఆ సింకు నేను కడిగేదాన్ని. మీ తాతయ్య ఉన్న రోజుల నుంచీ కడుగుతూనే ఉన్నాను. అది పని అని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. నడుం పట్టేసినా, ఒళ్ళు కాలిపోతున్నా, సింకు మాత్రం నిండేది.

ఒకరోజు మీ అమ్మ కళ్ళజోడు మర్చిపోతే ఇచ్చి రావడానికి వెళ్ళాను. సీసాలో ఎర్రటి నీళ్ళు. అందులో చిటికెడు నల్లపొడి వేసి కలిపింది. వెంట్రుక మందంలో వేలకు వేలు పట్టేంత సన్నటి రేణువులట. కాసేపాగి సీసా పక్కన అయస్కాంతం పెడితే పొడంతా అటు అంటుకుపోయింది. నీళ్ళు తేటబడ్డాయి.

"రంగు ఎటు పోయిందమ్మా?"

"ఎటూ పోలేదత్తయ్యా. పొడి తన ఒంటికి పట్టించుకుంది."

"ఎంతైనా పట్టించుకుంటుందా?"

"అబ్బే. నిండాక తీసి కడిగి ఆరబెట్టాలి. అలాగే వాడుతూపోతే పట్టినదంతా మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తుంది."

దారి పొడుగునా ఆ మాటే నమిలాను. ఈమధ్య నా నోట్లోంచి వచ్చే విసుర్లన్నీ గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రమే మీ నాన్న మీ అమ్మతో అన్నాడు, "అమ్మకి చేతకావట్లేదు. నువ్వు ఉద్యోగం మానెయ్."

పర్లేదులే, నేను చేసుకుంటాను అంటానని ఇద్దరూ ఆగారు. ఎప్పుడూ అదేగా అనేదాన్ని.

"నిజమేరా, చేతకావట్లేదు" అన్నాను. గిన్నెలు తోమే పీచు తీసి మీ నాన్న చేతిలో పెట్టి, వచ్చి కుర్చీలో కూలబడ్డాను.

"ఎవరైనా చూస్తే పరువు పోతుందమ్మా."

"గిన్నెలతో పోయేదైతే నాది ఎప్పుడో పోయుండాలి."

చాలాసేపటికి వంటింట్లోంచి అడిగాడు, "ఇది ఎప్పటికి అయిపోతుందమ్మా?"

"నాకూ తెలీదురా. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను."

మర్నాడు మీ అమ్మ పనిలోకి వెళ్ళింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

రేపు ఆ పిల్ల మళ్ళీ నవ్వితే చిన్నబుచ్చుకోకు. పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఆ నల్లపొడి సంగతి చెప్పు. తర్వాత, మా నానమ్మ ఇంకా ఆరుతోంది, అందుకే నాన్న తోముతున్నాడు అని చెప్పు.