అక్క లారీకి కొత్త షూలు

"బ్రేక్ షూ! బ్రేక్ షూ!" అని అక్క ఫోన్లోకి అరిచింది. పక్కనే గాలి కంప్రెసరు గుండెలు బాదుకుంటోంది. ఆ రొదలో తడబడుతూ వెళ్లిన మాట, విడిభాగాల కొట్లో ఉన్న బావ చెవిలో పడేసరికి "రేపు చూ... రేపు చూ..." అయి కూర్చుంది.

"సరే, రేపే చూద్దాం," అని బావ నిశ్చింతగా ఫోన్ పెట్టేశాడు.

షెడ్డులో మేము షూల కోసం ఎదురుచూసీ చూసీ, లారీ షూలతో పాటు మా చూపులు కూడా అరగదీసుకున్నాం. చివరికి నేనే కొట్టుకు పరిగెత్తాను. బావ కొట్టు యజమానితో చదరంగం ఆడుతున్నాడు.

"మీ అక్క రేపు చూడమందిగా?"

"రేపు కాదు బావా, బ్రేకు! ఈ పూట ఆ లారీ ఆగకపోతే మీ బతుకు బండి ఆగిపోతుంది."

బావ గుర్రాన్ని గడిలోనే వదిలేసి, షూల పెట్టె భుజానికెత్తుకుని తానే గుర్రమయ్యాడు.

ఆ తొందరకు కారణముంది. అక్క ఇన్నేళ్లూ పరుల లారీలు తోలింది. బండి వాళ్లది, పేరు వాళ్లది, నడుంనొప్పి మాత్రం అచ్చంగా ఈమెది. ఇప్పుడు సొంతానికి పాత ట్రైలర్ లారీ ఒకటి కొంది. మొదటి లోడూ కుదిరింది: కొండమీది ఆస్పత్రికి స్కానింగ్ యంత్రం. కొండెక్కడం ఏ బండైనా చేస్తుంది, దిగేటప్పుడు ఆగడంలోనే ఉంది గొప్పంతా. అందుకే సరుకు పంపేవాళ్ల తనిఖీ అధికారి పొద్దున్నే ట్రైలర్ కిందికి టార్చి కొట్టి చూశాడు.

"వెనక ఇరుసు షూలు అరిగి రేకులయ్యాయమ్మా. మా గోదాం గేటు మూసేలోగా మార్చుకొస్తే లోడు మీది. లేదంటే వరసలో రెండో లారీది," అనేశాడు.

రెండో లారీ ఆ గోదాం మేనేజరు బావమరిదిది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఈ బావమరిది బావ బతుకుతో ఆగక ఊరందరి లోడ్లూ కోరతాడు. అప్పుడే మా ఎదురుగా బండి ఆపి అద్దాలు తుడుస్తున్నాడు.

"ఏమ్మా, ఇంకా ఆగలేదా నీ ప్రయత్నం?"

"ఆగడం కోసమే కదన్నా ఈ ప్రయత్నం!" అంది అక్క, చక్రం బోల్టు విప్పుతూనే.

గోదాం గేటుకు ఎదురుగా ఉన్న ఈ షెడ్డు మా నాన్న తమ్ముడిది. బాబాయి గొంతు విన్నవాళ్లు ఆయన లారీలకు హారన్ ఎందుకు బిగిస్తాడో అర్థంకాక తికమకపడతారు. ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టించాడు. గాలి బ్రేకుల తత్వమే వేరు. మనిషికి గాలి తీస్తే మెత్తబడతాడు, ఈ బండికి గాలి తీస్తే బిగుసుకుంటుంది. లోపలున్న స్ప్రింగు బ్రేకును పట్టుకుని ఇక వదలదు. బాబాయి దాన్ని పొడుగు బోల్టుతో బంధించాడు.

"ఇది తప్పించుకుంటే ప్రాణాలకే ముప్పు. నవ్వకుండా పని చెయ్యండి," అన్నాడు. నవ్వకుండా అనగానే బావకు నవ్వొచ్చింది.

చక్రాలు ఊడదీస్తే లోపల బ్రేకు డ్రమ్ములు. డ్రమ్మంటే వాయించాల్సిందే. బాబాయి సుత్తితో చుట్టూ వాయిస్తే తుప్పు రాలింది, డ్రమ్ము కదిలింది. లోపల రెండు షూలు, రెండు నెలవంకల్లా. ఒక పక్క మార్చి రెండో పక్క వదిలేస్తే పంపకాలు కుదరని అన్నదమ్ముల్లా చెరోవైపు లాగుతాయి. అందుకే రెండు పక్కలా పాతవి పీకాం. ఆ షూలను ఎడంగా నెట్టి డ్రమ్ముకు తాకించి, బండిని ఆపేది క్యామ్ అనే కడ్డీ. దాని తల ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంపు తిరిగి ఉంటుంది. ఒక పక్కది ఎస్ అయితే, రెండో పక్కది అద్దంలో కనిపించే ఎస్.

బాబాయి క్యామ్‌లు రెండూ డీజిల్లో కడిగాడు. అక్క ట్రైలర్ కింద పడుకుని చెయ్యి చాపింది.

"బాబాయ్, ఎడమది!"

"ఇదిగో ఎడమది!"

"కుడిది!"

"ఇదిగో తల్లీ, కుడిది!"

క్యామ్‌లు ఎక్కాయి, కొత్త షూలు ఎక్కాయి, డ్రమ్ములు ఎక్కాయి. ఇక బిగింపు బోల్టు తిప్పుతూ షూను డ్రమ్ముకు ఆనించి కాస్త వెనక్కి వదలాలి. అక్క తిప్పింది. ఆనలేదు. ఇంకా తిప్పింది. చేత్తో తోస్తే డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది, ఆపేవాడు లేని ఆంబోతులా.

బాబాయి చూపు నేరుగా బావ మీదికి వెళ్లింది. "అల్లుడూ, ఏ సైజువి తెచ్చావయ్యా?"

"పాత షూ పక్కన పెట్టి కొలిచి మరీ తెచ్చా మామయ్యా!"

"చదరంగం బల్ల మీదేనా కొలిచింది?"

అవతలి నుంచి బావమరిది కేకేశాడు. "లోడు కట్టే తాళ్లు తీసుకురమ్మంటారా?"

గేటు దగ్గర కాపలావాడు గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. అక్క లేచి చేతులు తుడుచుకుంది.

"డ్రమ్ము తీయండి."

"మళ్లీనా?" అన్నాం ముగ్గురం ఒకే గొంతుతో. అంతకుముందు ఏ విషయంలోనూ మేం ముగ్గురం ఏకీభవించిన పాపాన పోలేదు.

తీశాం. అక్క టార్చి పట్టుకుని వంగింది. "ఏవండోయ్, బ్రేకు తొక్కండి. మెల్లగా!"

క్యాబిన్లో బావ తొక్కాడు. గాలి సుయ్యిమంది. క్యామ్ తిరిగింది, షూలు మాత్రం కదల్లేదు.

"వెనక్కి తిరుగుతోంది బాబాయ్! షూని తొయ్యాల్సింది పోయి తప్పుకుంటోంది. క్యామ్‌లు తారుమారయ్యాయి!"

"ఛస్తే కావు! నువ్వు ఎడమది అడిగావు, ఎడమదే ఇచ్చా."

"నేనూ ఎడమ పక్కే బిగించా! తగువు తర్వాత, ముందు స్ప్రింగు పట్టుకో."

ఆ తర్వాత ఆ షెడ్డులో జరిగింది మరమ్మతు కాదు, మెరుపు. విప్పిన చేతులే బిగించాయి, తిట్టిన నోళ్లే ఊపిరి బిగబట్టాయి. క్యామ్‌లు పక్కలు మారాయి. అక్క బోల్టు తిప్పింది. షూ డ్రమ్ముకు ఆనింది. డ్రమ్ము కదలనంది. ఆహా, ఆ మొండితనం ఎంత ముద్దొచ్చిందో! బోల్టు కాస్త వెనక్కి వదిలి తోస్తే, డ్రమ్ము హాయిగా తిరిగింది. రెండో పక్కా అంతే. చక్రాలు ఎక్కించి, స్ప్రింగు బోల్టు తీసేసి లారీని గేటుకు పట్టించాం.

అధికారి నేలమీద సుద్దగీత గీశాడు. అక్క వేగంగా వచ్చి బ్రేకు తొక్కింది. ఇంత పొడుగు బండి అటూ ఇటూ వేలెడైనా లాగకుండా, తాడు పట్టి గీసినంత తిన్నగా వచ్చి గీతకు ముందే నిలబడింది. దాని వెనక మేమే నిలబడలేకపోయాం, ఎగిరాం. బాబాయి వేసిన ఈలకు కంప్రెసరు సిగ్గుపడి ఉంటుంది.

"లోడు మీదేనమ్మా," అన్నాడు అధికారి. "ఇంత బాగా చేసినవాళ్లు ఇంతసేపు ఎందుకు పట్టించారు?"

"ఈవిడ ఎడమ మర్చిపోయింది!" అన్నాడు బాబాయి.

"ఈయనే మర్చిపోయాడు!" అంది అక్క క్యాబిన్లోంచి.

బాబాయి విసురుగా వెళ్లి లారీకి ఎదురుగా, దాని మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు. "ఇదీ ఎడమ!" అని చెయ్యి ఎత్తాడు.

అక్క సీట్లో కూర్చునే ఎత్తింది. "ఇదీ ఎడమ!"

చేతులు రెండూ చెరో దిక్కున ఉన్నాయి. అందరం నోళ్లు తెరిచాం. బావ ఇద్దరి మధ్యకు నడిచి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, అందరూ వినండి! మా మామయ్య మెకానిక్కు. బండిని ఎదురుగా నిలబడి చూస్తాడు, పేషెంటును డాక్టరు చూసినట్టు. మా ఆవిడ డ్రైవరు. సీట్లో కూర్చుని చూస్తుంది. ఆయన ఎడమ ఈవిడకు కుడి. ఆయన ఇచ్చిందీ ఒప్పే, ఈవిడ బిగించిందీ ఒప్పే. రెండు ఒప్పులు కలిసి ఒక తప్పు చేశాయి!"

బాబాయి తన చేతిని ఒకసారి, అక్క చేతిని ఒకసారి చూసి పగలబడి నవ్వాడు. గేటు కాపలావాడు గొలుసు వదిలేసి నవ్వాడు. బావమరిది మాత్రం ఎడమ చెయ్యి ఎత్తి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగి తల గోక్కున్నాడు.

"అయితే ఇంతకీ ఎడమ ఎటు?"

"నువ్వు ఎటైనా జరుగన్నా," అంది అక్క గేరు వేస్తూ. "నేను లోడెక్కించుకోవాలి."