చప్పుడు లేని కంప్యూటర్

మా ఇంట్లో ఎన్‌కోడింగ్ అన్న మాట నాన్న తప్ప ఎవరూ వాడరు. అమ్మా నేనూ ‘వీడియో ఉడుకుతోంది’ అంటాం. నాన్న వేడుకల వీడియోలు తీస్తారు. ముందు గదిలోని కంప్యూటర్‌లో ముక్కలు కత్తిరించి, కలిపి, అదంతా ఒక్క ఫైలుగా మారేలా పెట్టి బయటికి వెళ్లిపోతారు. అప్పటినుంచి లోపలి ఫ్యాన్ పిండిమరలా మోగుతుంది. తెర ఆర్పేసి ఉంటుంది. అది వెలిగితే పని మందగిస్తుందని నాన్న నమ్మకం. మోత ఆగిందంటే పని అయినట్టే. అమ్మ వంటగదిలోంచి వచ్చి, మీట నొక్కి ఆపేస్తుంది. పెట్టె వేడికి పాడవకుండా నాన్న ఆమెకు అప్పగించిన పని అది.

ఈ ఉడకడం మరీ నిదానమైపోయిందని నాన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించారు. వేసింది మావయ్య, అమ్మ తమ్ముడు. కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తాడు, మంచి మాటకారి. నాన్నకు మాటకారులంటే గిట్టదు.

“చూసుకో బావా. నువ్వు టీ తాగి కప్పు కింద పెట్టేలోగా అయిపోతుంది,” అన్నాడు మావయ్య స్క్రూలు బిగిస్తూ.

“ఆ కప్పు ఎంత పెద్దదో ముందు చెప్పు,” అన్నారు నాన్న.

నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. కార్డు వచ్చిన అట్టపెట్టె మీద టేపు ఒకసారి పీకి మళ్లీ అతికించినట్టుంది. పాత కార్డును మావయ్య తన సంచిలో వేసుకుని, “ఇది మీకెందుకులే,” అన్నాడు, ఎవరూ అడగకుండానే. నాకెందుకో అనుమానం వేసింది.

మర్నాడు నాన్న డాన్స్ బడి పిల్లల వీడియో పెట్టి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే ఫైలు తెరుచుకోలేదు. సగంలోనే ఆగిపోయింది.

“అయ్యాకే ఆపావా?” అని అమ్మని అడిగారు.

“అయ్యాకేనండి. ఎప్పట్లాగే.”

ఇంకోసారి పెట్టారు. మళ్లీ అంతే. నాన్న మూత విప్పి టార్చి వేశారు. కార్డు ఫ్యాన్ రెక్కల మీద సన్నగా దుమ్ము.

“కొత్తదానికి దుమ్మెక్కడిది? ఎవరో వాడి పారేసింది మనకు అంటగట్టాడు మీ తమ్ముడు.”

“వాడలాంటివాడు కాదు.”

“టేపు కూడా ముందే పీకి ఉంది నాన్నా,” అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని నేను మాట్లాడేసరికి ఇద్దరూ నావైపు తిరిగారు. నాన్న తల ఊపారు. అమ్మ ఊపలేదు.

నాన్న అప్పుడే మావయ్యకి ఫోన్ చేశారు. “ఇక మా గడప తొక్కకు,” అని పెట్టేశారు. మావయ్య ఏదో చెప్పబోతూనే ఉన్నాడు. అమ్మ మడతపెట్టిన బట్టలనే విప్పి మళ్లీ మడతపెట్టింది.

మర్నాడు పొద్దున నాన్న ఆఖరిసారి అంటూ వీడియో పెట్టారు. “ఇప్పుడూ ఆగితే కార్డు పట్టుకెళ్లి వాళ్ల యజమాని ముందే పెడతాను,” అన్నారు. అలా చేస్తే మావయ్య ఉద్యోగం ఊడుతుంది. అది అమ్మకి తెలుసు, నాకూ తెలుసు.

నాన్న వెళ్లాక నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కార్డు ఎక్కడ మొరాయిస్తుందో కళ్లారా చూడాలని, వద్దన్న తెరనే వెలిగించాను. పచ్చగీత చకచకా జరుగుతోంది. ఫ్యాన్ కాసేపు మోగి నెమ్మదించింది. తర్వాత అసలు వినపడలేదు. ఇదిగో దొరికింది దొంగ అనుకుని తెరకేసి వంగాను. గీత ఆగలేదు. ముందుకే పోతోంది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను పట్టించుకోకుండానే మీట మీదికి చెయ్యి చాపింది. గభాల్న ఆమె మణికట్టు పట్టుకున్నాను.

“ఏంటే? అయిపోయిందిగా.”

“అవలేదమ్మా. చూడు.”

అమ్మ తెర వైపు చూసింది, తర్వాత పెట్టెకి చెవి ఆనించింది. మళ్లీ తెర వైపు చూసింది. మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

“అంటే… రెండుసార్లూ నేనేనా?”

నేను తల ఊపాను.

“మీ నాన్నకి నేనే చెప్తాను. నువ్వు నోరు మెదపకు. నీ టేపు చాలు మాకు.”

నాన్న వచ్చి ఫైలు తెరిస్తే, డాన్స్ బడి పిల్లలు తెర మీద మొదటినుంచి చివరిదాకా నాట్యం చేశారు. అమ్మ సంగతంతా చెప్పింది. నాన్న ఆమెనేమీ అనలేదు గానీ పెట్టె చుట్టూ ఓసారి తిరిగొచ్చారు.

“పనంతా కొత్త కార్డే చేస్తే ఫ్యాన్ మోగదన్నమాట. చప్పుడు చేయకుండా పనిచేసేదాన్ని ఎలా నమ్మడం? మరి ఆ దుమ్ము?”

“పెట్టెని ఏనాడైనా తుడిచారా? ఫ్యాన్ తిరిగితే లోపల ఉన్నది దాని మీదే పడుతుంది. టేపంటారా, దుకాణంలో విప్పి చూసుంటాడు. ముందు వాడికి ఫోన్ చేయండి.”

నాన్న చేశారు. మావయ్య గొంతు నాకూ వినపడుతోంది.

“చెప్పు బావా, ఇంకేం పోయింది?”

“ఏం పోలేదు. బాగానే పనిచేస్తోంది.”

“అయితే నాకెందుకు చేశావు?”

నాన్న గొంతు సవరించుకున్నారు. “తొందరపడి మాట అన్నాను. రేపు ఇంటికి రా.”

మావయ్య ఉలకలేదు, పలకలేదు. మా మావయ్య అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

“అక్కకివ్వు,” అన్నాడు చివరికి.

అమ్మ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. నాన్నా నేనూ ఇవతల నిలబడ్డాం.

“నవ్వుతోందా?” అన్నారు నాన్న, నా చెవి దగ్గర మెల్లగా.

నేను తలుపుకి చెవి ఆనించాను.

“తెలియడం లేదు నాన్నా.”