కుంకుమపువ్వు డబ్బా

తడిగుడ్డతో బోర్డు తుడిచి, స్పానిష్ మాస్టారు దాని మీద ఒకే ఒక్క మాట రాశారు: అసఫ్రాన్. అంటే కుంకుమపువ్వు. ఏ కొత్త బ్యాచికైనా ఆయన మొదటి పాఠం అదే. రెండో పాఠం నుంచీ క్రియలతో చంపుకుతింటారు, అది వేరే సంగతి.

ఆయన చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకున్నది. వేళ్ల సందుల్లో సుద్దపొడి స్నానం చేసినా వదలదు. ఇవాళ ఒక్కరైనా చేరకపోతే రేపు ఈ గది కంప్యూటర్ క్లాసుకి ఇచ్చేస్తానని యజమాని పొద్దున్నే చెప్పేశాడు. ఏ మాటకామాటే, ఆ మనిషి చాలాకాలం ఓపిక పట్టాడు. మాస్టారికేమో ఈ గది దాటితే తన కోసం ఎదురుచూసే చోటంటూ లేదు.

వచ్చింది ఒక నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాఠం నచ్చితే చేరతానంది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అరబ్బులు దాన్ని జాఫరాన్ అనేవారని, వాళ్లు స్పెయిన్ చేరి పొలాల్లో ఆ పూలమొక్క దుంపలు నాటితే, వాటితో పాటు మాట కూడా అక్కడే వేళ్లూనుకుందని చెప్పారు. తర్వాత వాళ్లని వెళ్లగొట్టారు గానీ, మాటని వెళ్లగొట్టడం ఎవరి తరమూ కాలేదట.

అప్పుడు జేబులోంచి చిన్న రేకుడబ్బా తీశారు. ఉత్త మాటలు ఎవరు వింటారు, వాసన చూపించండి అంటూ మొదటి క్లాసు రోజున భార్య చేతిలో పెట్టింది. ఆవిడ పోయి ఏళ్లయింది. ఈలోగా ఎంతమంది ఆ మూత తీశారో, ఎంతమంది ఆహా అని తలూపారో!

నర్సు డబ్బాని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"వాసనేమీ రావట్లేదు మాస్టారూ."

"సరిగ్గా చూడమ్మా."

"చూశానండీ. కావాలంటే మీరే చూడండి."

ఆయన చూశారు. అందరూ బాగుందంటుంటే ఇన్నేళ్లూ తను చూడనే లేదు. ఎండుగడ్డి వాసన కూడా లేదు. పాపం, వాళ్లంతా మొహమాటానికి తలూపారన్నమాట. ఆయనకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

నర్సు నవ్వలేదు. ఆలోచించి చెప్తానని మెల్లగా లేచి వెళ్లింది. అలా అన్నవాళ్లు మళ్లీ రారని మాస్టారికి తెలియంది కాదు. గొడుగు తీసుకుని, గది తాళం యజమాని చేతికిచ్చి, అలవాటు కొద్దీ వెళ్లొస్తానని చెప్పి మెట్లు దిగారు.

మర్నాడు ఒక్క తుడుపుకి బోర్డు శుభ్రమైపోయింది. కంప్యూటర్లు బిగించడానికి వచ్చినతను బల్ల మీదున్న డబ్బా తెరిచి, లోపలున్నది కిటికీలోంచి దులిపేసి, స్క్రూలు పోసుకున్నాడు. మూత మాత్రం ఇంకా గట్టిగానే పడుతోంది.