రెండు పొగలు

పిల్ల డొక్కలెగరేస్తోందని తెల్లవారగానే చూశాను. చూసి కూడా కాదనుకున్నాను. దీపం దగ్గరికి జరిపి, దాని చొక్కా పైకెత్తి మళ్ళీ చూశాను. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ఎల్విరాకి మూడేళ్ళు. ముందురోజుదాకా ఉట్టి దగ్గే అనుకున్నాం.

"అత్తా, లే. పిల్లని చూడు."

మా అత్త సునిల్దా పొయ్యి పక్కనే పడుకుంటుంది. లేచి వచ్చి పిల్ల వీపుకి చెవి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"కఫం," అంది.

"కఫానికి ఇలా ఎగరేస్తుందా?"

"నీ మొగుడూ రెండేళ్ళప్పుడు ఇలాగే ఎగరేశాడు. చచ్చాడా? పెరిగి పెద్దవాడై నీకు తగులుకున్నాడు."

ఆ మొగుడు, రోసెందో, జూన్‌లోనే పనికి పోయాడు. ఇంకా దక్షిణాన మనుషులుండని దీవుల్లో సైప్రస్ చెట్లు నరకడానికి. ఇంటి పడవ వేసుకునే పోయాడు. మా పుల్కెమోలో ఉన్నవి ఏడిళ్ళు. మా వైపు నడిచలికాలమైన ఆగస్టు వచ్చేసరికి ఏ ఇంట్లోనూ వయసులో ఉన్న మగవాడూ మిగలడు, పడవా మిగలదు. కాంపౌండర్ ఉండేది సముద్రపు పాయకి అవతల, తెపుయేన్ దీవిలో. సూదిమందు అక్కడే ఉంది, నాలుగు తెడ్ల పడవా అక్కడే ఉంది. వాళ్ళని పిలవాలంటే మేం నీళ్ళలోకి పొడుచుకొచ్చిన మా దీవి మొన మీద పొగ పెట్టాలి.

ఒక పొగ లేస్తే ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే రమ్మని. రెండు పొగలు పక్కపక్కన నిలబడితే మనిషి పోయినట్టు. పోయినవాళ్ళ కోసం ఎవరూ పరుగులు పెట్టరు. శవపేటికకి పలకలు కోసుకుని, కొవ్వొత్తులు సర్దుకుని, ప్రార్థన చెప్పే పెద్దని వెంటబెట్టుకుని, నీళ్ళు అనుకూలించినప్పుడు వస్తారు. నేను బడికి పోయింది మూడేళ్ళే, అక్కడ చెప్పినవి చాలా మర్చిపోయాను. ఇది మాత్రం నడక వచ్చినప్పటినుంచీ తెలుసు.

మొన మీదికి ఎండు కట్టెలు మోసి మంట వేశాను. దాని మీద తడి నాచు, పచ్చి కొమ్మలు పడేశాను. పొగ బాగానే వచ్చింది కానీ ఉత్తరపు గాలి దాన్ని లేవనిస్తేనా! లేచీ లేవకముందే మెడ వంచి, రాళ్ళ మీదుగా పాకించి, నీళ్ళలోకి తోసేస్తోంది. పాయ నిండా తెల్ల నురగ. నల్లమెడ హంసలు కూడా బయట ఉండలేక మా రేవు మూలకి వచ్చి తలలు రెక్కల్లో దూర్చుకున్నాయి. వాన పడుతుంది, ఆగుతుంది, మళ్ళీ పడుతుంది. నేను మంట దగ్గర కాసేపు నిలబడేదాన్ని. పిల్ల ఊపిరి ఆగిపోయి ఉంటుందేమోనని ఇంటికి పరుగెత్తేదాన్ని. అది మూలుగుతూ ఉంటే ప్రాణం కుదుటపడి, అంతలోనే మంట ఆరిపోయి ఉంటుందని మళ్ళీ మొన మీదికి. ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. కాళ్ళు ఒకచోట నిలవలేదు.

అలా ఒకసారి వెళ్ళేసరికి అత్త పటకారుతో ఎర్రగా కాలిన రాళ్ళు తెచ్చి నీళ్ళతొట్టిలో వేస్తోంది. ఘాటు ఆకుల వాసన. పిల్లని దుప్పటి కప్పి ఆవిరికి కూర్చోబెట్టింది.

"అసలే ఊపిరాడట్లేదు, పైన దుప్పటొకటా?"

"ఆవిరి పట్టకపోతే కఫం ఎలా కరుగుతుంది? నీ మంట నువ్వు చూసుకో, నా మంట నేను చూసుకుంటా."

ఆ మాట చెవిన పడింది. బుర్రకి ఎక్కలేదు. ఆవిడ రాళ్ళు ఎక్కడ కాలుస్తోందో అడగాలని కూడా తోచలేదు. ఎలాగూ గాలి ఏ పొగనీ నిలబడనివ్వట్లేదు. నేను మొన మీదికి పోయి, గాలి పడిపోవాలని తెలిసిన దేవతలందరికీ మొక్కుకున్నాను.

మధ్యాహ్నానికి కొంచెం ముందు గాలి పడిపోయింది. ఎవరో తలుపు వేసినట్టు ఒక్కసారిగా ఆగింది. నురగ అణిగింది. నా పొగ తల ఎత్తి, తిన్నగా మబ్బుల్లోకి లేచింది. నవ్వొచ్చింది నాకు. పైగా నీళ్ళు నిలిచే వేళ దగ్గరపడుతోంది. ఆటుకీ పోటుకీ నడుమ, ఒక కుండ బంగాళాదుంపలు ఉడికేంతసేపు పాయ ఊరుకుంటుంది. ఆ తర్వాత మొదలయ్యే వడిని ఎంత పెద్ద పడవైనా తట్టుకోలేదు.

అవతలి ఒడ్డున మనుషులు చీమల్లా పడవ చుట్టూ చేరారు. తోస్తారు, ఇప్పుడు తోస్తారు అని చూస్తున్నాను. తోయలేదు. కాసేపు నిలబడి, ఒక్కొక్కరే చర్చి వైపు పైకి నడిచిపోయారు. పడవ ఇసుకలోనే ఉండిపోయింది.

అప్పుడు అవతలి చర్చిలో చావుగంట వినబడింది. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొక దెబ్బ. నీళ్ళ మీదుగా ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మా రేవులో హంసలు తలలు బయటికి తీశాయి.

వెనక్కి తిరిగి చూశాను. మా ఇంటి వెనక పల్లంలో, చెట్ల నడుమనుంచి, నా పొగ ఎంత పొడుగుందో అంత పొడుగున, అంత తిన్నగా రెండో పొగ నిలబడి ఉంది.

ఎలా పరుగెత్తానో గుర్తు లేదు. బకెట్టెడు నీళ్ళు అత్త మంట మీద కుమ్మరించాను. పొగ ఇంకా తెల్లగా, ఇంకా ఎత్తుగా లేచింది.

"పిచ్చెక్కిందా నీకు? రాళ్ళు పగిలిపోతాయి!" అని అత్త అరుస్తూ వచ్చింది.

"గంట విను."

విన్నది. తల ఎత్తి ముందు ఈ పొగని చూసింది, తర్వాత మొన మీద పొగని చూసింది. చేతిలో పటకారు అలాగే ఉండిపోయింది.

"నా మంట పూర్తిగా ఆర్పేస్తే?" అంది చివరికి, చిన్న గొంతుతో.

"ఆరిపోయిందనుకుంటారు. చూసినవాళ్ళు చూసేశారు. పలకలు కోసుకుని రేపు పొద్దున వస్తారు."

సాయంత్రం నీళ్ళు మళ్ళీ నిలిచేసరికి చీకటి పడుతుంది. చీకట్లో ఆ పాయ ఎవరూ దాటరు. రేపు పొద్దుటిదాకా పిల్ల ఉండదని నాకు తెలుసు. అత్తకీ తెలుసు.

"దెల్ఫిన్ దగ్గర పడవుంది," అంది అత్త.

"దాన్లో కోళ్ళుంటున్నాయి కదా!"

"అయితే కోళ్ళని దించుతాం."

దెల్ఫిన్ తాత మా పక్కింటాయన. కళ్ళు సరిగా కనబడవు, మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. గంట విని అప్పటికే టోపీ తీసి గుమ్మంలో కూర్చున్నాడు.

"పాపం, ఎవరు పోయింది? నువ్వేనా సునిల్దా?"

"నేను పోతే నీకు సంబరం. పడవ కావాలి. పిల్ల బతికే ఉంది."

ఆయన వెంటనే టోపీ పెట్టుకుని లేచాడు. కర్ర పట్టుకుని వచ్చాడు. కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ నాలుగువైపులా పోయాయి. అడుగున ఒక పలక నోరు తెరిచి ఉంది. తాత వేళ్ళతో తడుముతూ ఆ సందులో చెట్టుపీచు కూరి, పైన గొర్రెకొవ్వు రాశాడు.

"పాయ సగందాకా ఆగుతుంది. తర్వాత తోడుకోండి. నేనూ వద్దును గానీ, నేనెక్కితే అందరం కలిసి చేపలకి పండగ చేసినట్టే."

పిల్లని శాలువాతో నా రొమ్ముకి కట్టుకుని వెనక కూర్చున్నాను, చేతిలో ఒక రేకు డబ్బా. అత్త నడుమ కూర్చుని తెడ్లు పట్టింది. తెడ్డేసేవాళ్ళు వెళ్ళే వైపు వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి మేం ఎదురుబొదురుగా ఉన్నాం. ఆవిడకి కనబడేది నేనూ, నా వెనక మా దీవీ. తెపుయేన్ నాకే కనబడుతుంది.

"చర్చి శిఖరం, దాని వెనక కొండ నొక్కు కనబడుతున్నాయా?" అంది.

"ఆఁ."

"శిఖరం నొక్కులో ఉన్నంతసేపూ మనం సరిగ్గా పోతున్నట్టు. కళ్ళు తిప్పకు. పిల్లకేసి చూడకు."

పిల్లకేసి చూడకుండా ఎలా? వేడి నా రొమ్ముకి తగులుతోంది. ఊపిరి గురగురమంటోంది. ఒక్కోసారి ఆగి మళ్ళీ వస్తోంది. ఆ ఆగిన జాగాలో నా కళ్ళకి చీకట్లు కమ్మేవి. ఒక చేత్తో నీళ్ళు తోడుతున్నాను.

సగం దాటాక శిఖరం కదిలింది.

"అత్తా, శిఖరం ఎడమకి జారింది."

"ఎంత?"

"నొక్కు దాటేసింది."

నీళ్ళు నడవడం మొదలైంది. మమ్మల్ని కుడివైపుకి, దక్షిణపు రాళ్ళ మీదికి ఈడుస్తున్నాయి. పడవ తలని ఎడమకి తిప్పాలంటే ఆవిడ తన ఎడమ చేత్తో ఎక్కువ లాగాలి. ఆ భుజం రెండేళ్ళ క్రితం పట్టేసింది. అప్పటినుంచీ జడ కూడా తనంతట తాను వేసుకోలేదు, నేనే వేస్తాను.

"నేను లాగనా?"

"నువ్వు తోడు. నువ్వు తోడకపోతే లాగడానికి పడవుండదు."

లాగింది. ప్రతి లాగుకీ పళ్ళు బయటపెట్టి ఒక మూలుగు. నా భుజం మీదుగా మా దీవి వైపే చూస్తోంది.

"పాడు పొగ," అంది. "ఇంకా నిలబడే ఉంది."

నేను ఇంకో డబ్బా నీళ్ళు తోడి బయటికి పోశాను.

"తిట్టవే. మనసులో తిడుతున్నది పైకే తిట్టు."

"తిడితే ఊపిరి దండగ. శిఖరం ఇంకా ఎడమకే ఉంది."

"నాకు పిల్ల అక్కర్లేదనుకున్నావా?"

"అనుకోలేదు. నీ మంట నువ్వు చూసుకుంటానంటే నేను వింటూ కూడా పోయాను. లాగు అత్తా."

మోకాళ్ళదాకా నీళ్ళు వచ్చాయి. తాత కూరిన పీచు తేలిపోయింది. రాళ్ళ మీద సీలు జంతువులు తల ఎత్తి మమ్మల్నే చూస్తున్నాయి, వాటి మీసాలు కూడా కనబడేంత దగ్గరగా. అప్పుడు శిఖరం మెల్లగా కదిలింది. నొక్కు అంచుకి వచ్చింది. లోపలికి వచ్చింది.

"వచ్చింది అత్తా! లోపలికి వచ్చింది!"

"అరవకు, లెక్క తప్పుతుంది," అంది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తెపుయేన్ ఒడ్డున జనం బారుగా నిలబడ్డారు. ఇద్దరాడవాళ్ళు, గుడ్డలో చుట్టిన పిల్ల. శవాన్ని మేమే తెచ్చేస్తున్నామనుకున్నారు. మగవాళ్ళు టోపీలు తీశారు. ఆడవాళ్ళు తడి ఇసుకలోనే మోకరిల్లారు. ప్రార్థన చెప్పే ఆర్తెమియో పెద్ద చేతులు జోడించి, పసిపిల్లల కోసం చెప్పే ప్రార్థన ఎత్తుకున్నాడు.

పిల్ల దగ్గింది. పొడిగా, గట్టిగా, కుక్కపిల్ల మొరిగినట్టు దగ్గింది.

ఆర్తెమియో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

అత్త తెడ్లు వదిలేసి, నడుము పట్టుకుని లేచి నిలబడింది. "టోపీలు పెట్టుకోండి, చలి. కాంపౌండరేడి?"

కాంపౌండర్ కుర్రవాడు. చావుకని నల్లకోటు వేసుకుని నిలబడ్డాడు. ఆ కోటుతోనే నీళ్ళలోకి దిగి పిల్లని అందుకుని పరుగెత్తాడు. వెనక నేను. సూది పొడిస్తే ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు. "నాలుగు గంటలకొకటి ఇవ్వాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా. ఇంకా ఆలస్యమై ఉంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు," అన్నాడు.

ఆయన కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను. మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మర్నాడు తెల్లవారేసరికి డొక్కల దగ్గర ఆ గుంజుడు తగ్గింది. తగ్గిందని కాంపౌండర్ చెప్పాడు. నేను నమ్మకుండా దాని చొక్కా ఎత్తి ఎత్తి చూశాను.

ఆ పొద్దునే పిల్లతో సహా మమ్మల్ని తన వంటింట్లోకి రమ్మన్నది ఒతీలియా అనే ఆవిడ. పొయ్యి పెద్దది, వెచ్చగా ఉంది. బల్ల నిండా రొట్టెలు, గోడవార బుట్టల్లోనూ రొట్టెలు.

"ఇన్నెందుకమ్మా?" అన్నాను.

ఆవిడ అత్త వైపు చూసింది. అత్త, తెడ్లు లాగి పుళ్ళు పడిన తన చేతులకి కట్టిన గుడ్డల వైపు చూసుకుంది.

"గంట కొట్టారుగా," అంది ఒతీలియా. "కర్మానికి జనం వస్తారని పిండి కలిపేశాం. ఎనిమిదిళ్ళవాళ్ళం కలిసి కలిపాం. కలిపిన పిండిని ఏం చేసుకుంటాం, కాల్చేశాం."

చెయ్యి పెట్టబోయినదాన్ని వెనక్కి తీసుకున్నాను. నా పిల్ల చావుకి కలిపిన పిండి. బల్ల మీద పొగలు కక్కుతూ, పైన దోరగా కాలి ఉంది.

"అమ్మా, రొట్టె," అంది ఎల్విరా.

రెండు రోజుల తర్వాత అది తినడానికి అడగడం అదే మొదలు.

"ఇది కాదు నాన్నా. వేరేది చేయిస్తా."

"ఇదే."

"బంగాళాదుంప ఇస్తా, తేనె వేసి."

"ఇదే రొట్టె," అని ఏడుపు అందుకుంది. ఏడుపుకి దగ్గొచ్చింది. దగ్గుకి మొహం ఎర్రబడింది.

"పెట్టవే," అంది అత్త. "ఎవరి కోసం కలిపారో పిండికేం తెలుసు?"

"నాకు తెలుసు కదా."

పిల్ల చెయ్యి చాపే ఉంచింది. నేను ఒక రొట్టె తీసుకుని విరిచాను. మొదటి ముక్క నేనే నోట్లో వేసుకుని, బాగా నమిలి మింగాను. ఒక్క క్షణం ఏదో అవుతుందని చూశాను. ఏమీ కాలేదు. అప్పుడు ఇంకో ముక్క పాలల్లో ముంచి దాని నోటికి అందించాను.

తిన్నది. మళ్ళీ నోరు తెరిచింది.