పొట్టలో తెల్లమచ్చ

ప్యాకెట్టు చూస్తే గుప్పెడంత. దాని మీద అంటించిన ధర చూడగానే వెంకటరాజుకి ఒళ్ళు మండింది. ఆ డబ్బుకి సింగపూర్‌లోని ఈ టెక్కా మార్కెట్లో సోనా మసూరి సంచీ నిండా వస్తుంది. పోనీ, ధర సంగతి తరవాత, సరుకేమిటో చూద్దామని కత్తెరతో మూతి కత్తిరించి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పొట్టిగా, లావుగా, బొద్దుగా ఉన్నాయి. ఏ దేశపు వడ్లు ఆ దేశానివి, దానికి తప్పు పట్టనక్కరలేదు. కానీ ప్రతి గింజ పొట్టలోనూ సున్నం బొట్టు పెట్టినట్టు తెల్లమచ్చ ఉంది.

"దొంగవెధవలు!" అన్నాడు పైకే.

ఆ మాట అనే అర్హత ఆయనకుంది. గోదావరి జిల్లాలో ఒక వరి పరిశోధన కేంద్రంలో పదిహేనేళ్ళు కొత్త రకాలు తీసే పనిలో ఉన్న మనిషి. బియ్యపు గింజ అద్దంలా ఉండాలి, అవతలి వేలు కనపడాలి. పొట్టలో తెల్లమచ్చ ఉన్న గింజ మరలో పడితే నూకైపోతుంది, అంగట్లో పెడితే ఎవడూ కొనడు. అందుకని ఏ వరసలో ఆ మచ్చ కనిపించినా ఆ వరస మొత్తం రిజిస్టర్లో ఎర్రసిరాతో కొట్టేసేవాడు. అసిస్టెంట్లు ఎంత బతిమాలినా వినేవాడు కాదు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

అలాంటి మనిషి క్లెమెంటిలో ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో గరిటె పట్టుకుని నిలబడ్డాడంటే, దానికి కారణం ఆయన భార్య లత. భీమవరంలో పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెప్పుకునే ఆవిడ. ఆ రోజుల్లో కంప్యూటరు భాష ఏదో ఒకటి వస్తే చాలు, సింగపూర్ కంపెనీలు కొత్త పెళ్ళికూతురిని తీసుకెళ్ళినట్టు విమానం ఎక్కించి తీసుకెళ్తున్నాయి. లతనీ ఒక కంపెనీ అలాగే తీసుకెళ్ళింది. వెంకటరాజు జీతం లేని సెలవు పెట్టి వెనకాలే వచ్చాడు. వచ్చాక ఆయన చేతికిచ్చిన కార్డు పేరు డిపెండెంట్ పాస్, అంటే పెళ్ళాం మీద ఆధారపడి ఉండే మొగుడన్నమాట. అది జేబులో ఉన్నంతసేపూ ఆయనకి చురుకు చురుకుమంటూనే ఉండేది. ఊళ్ళో బావమరుదులు ఫోను చేసినప్పుడల్లా "ఇల్లరికం ఎలా ఉంది బావా?" అని నవ్వేవాళ్ళు.

ఉద్యోగాల కోసం పెట్టిన దరఖాస్తులు గోడకి కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి. దాంతో ఆయనకి ఈ ఊళ్ళో ఏదీ నచ్చడం మానేసింది. నీళ్ళు చప్పన, చేప నీచు, వానకి వేళాపాళా లేదు. ఈలోపు సెలవు అయిపోవచ్చింది. ఒకటో తారీకు లోపల వెళ్ళి చేరకపోతే ఆ ఉద్యోగమూ పోతుంది. చేరితే లత ఇక్కడ, తను అక్కడ.

అప్పుడే లత ఈ భోజనం తలపెట్టింది. ఆవిడతో పనిచేసే పావొలా అనే ఇటలీ అమ్మాయి భర్త బ్రూనో. ఇక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసర్, మొక్కల మీద పరిశోధన.

"ఆయన ల్యాబులో వరి తెలిసిన మనిషి కోసం చూస్తున్నారటండి," అంది లత. "మళ్ళీ అప్లికేషనంటే మీకు కోపం. అందుకే డిన్నర్‌కి పిలిచాను. ఆయనకి రిజోట్టో అంటే ప్రాణమంట. రైస్ ఐటమే. మీరే వండండి, మాటలు వాటంతటవే కలుస్తాయి."

"రిజోట్టో అంటే?"

"బియ్యం, కూరగాయలు ఉడికించిన నీళ్ళు, వెన్న, చీజు. కొంచెం జారుగా, చిక్కగా వస్తుంది."

"అంటే ముద్దన్నం."

"కాదండీ బాబూ. ముందే వంక పెట్టకండి. నా మాట విని ఈ ఒక్కసారికి కాగితంలో ఎలా ఉంటే అలా చెయ్యండి."

ఆఫీసు ప్రింటర్లో తీసిన రిజోట్టో తయారీ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, బియ్యం ప్యాకెట్టు గట్టు మీద పెట్టి, లత పనికి వెళ్ళిపోయింది. ఆ ప్యాకెట్టే ఇది.

వెంకటరాజు చొక్కా మార్చుకుని సూపర్ మార్కెట్టుకి వెళ్ళాడు. కౌంటర్లో పిల్ల ముందు గింజలు పోసి, ఒక్కొక్కటీ వేలితో దొర్లించి చూపించాడు. "సీ, వైట్ స్పాట్. డిఫెక్ట్. ఆల్ డిఫెక్ట్."

ఆ పిల్ల గింజల వంకా ఆయన వంకా చూసి, ఈ రకం ఇలాగే ఉంటుందని ఈ ఊరి ఇంగ్లీషులో చెప్పింది. "అంకుల్, దిస్ వన్ లైక్ దట్ వన్ లా."

"నో లా గీ లా. కాల్ మేనేజర్."

వెనకాల క్యూ పెరిగింది. ఎవరో నిట్టూర్చారు. మేనేజరు వచ్చి, ఈయన్ని వదిలించుకుంటే చాలనుకున్నాడు కాబోలు, డబ్బు వెనక్కిచ్చేశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి తన మాట ఒకళ్ళు విన్నారని వెంకటరాజు ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాడు. లత కష్టార్జితం కాపాడానన్న తృప్తి కూడా ఉంది.

బియ్యం ఏదన్నది ఆయన దారిలోనే తేల్చుకున్నాడు. ఊరినుంచి వచ్చేటప్పుడు గుడ్డసంచిలో ఒక పడి బియ్యం తెచ్చుకున్నాడు. తను తీసిన రకం అది, ఇంకా పేరు పెట్టలేదు, నంబరే. సన్నగా, నిగనిగలాడుతూ, వండితే మల్లెమొగ్గల్లా దేనికది విడివిడిగా ఉంటుంది. ఇన్నాళ్ళూ వండడానికి మనసొప్పక దాచాడు. వరి పరిశోధకుడు వస్తున్నాడంటే ఇంతకన్నా ఏం చూపించాలి? అప్లికేషన్లో రాయలేనిది కంచంలో పెడతానని ఆయన సంబరపడ్డాడు.

కాగితంలో బియ్యం కడగొద్దని రాసి ఉంది. కడగని బియ్యం వండడమేమిటి, అసహ్యం! మూడు నీళ్ళు పోసి, తేటగా వచ్చేదాకా కడిగాడు. ఉల్లిపాయ తరిగి వెన్నలో మగ్గబెట్టి, బియ్యం పోసి, పక్క పొయ్యి మీద మరుగుతున్న కూరగాయల నీళ్ళు గరిటెడు పోసి కలపడం మొదలుపెట్టాడు. నీళ్ళు ఇగిరాక ఇంకో గరిటెడు. మళ్ళీ కలపడం. గింజల చుట్టూ చిక్కటి గంజిలాంటిది ఊరుతుందని రాసి ఉంది. చెయ్యి లాగేస్తోంది, చెమట కారుతోంది, ఊరడం మాత్రం లేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, గింజలు గింజల్లాగే ఉన్నాయి. మంట పెంచితే అడుగంటింది. తగ్గిస్తే గింజ నిలువునా పగిలింది తప్ప పక్క గింజని అంటుకోలేదు. అంటుకోకుండా ఉండాలనే గదా పదిహేనేళ్ళు చచ్చీచెడీ ఆ రకాన్ని తీసింది!

మొదటి గిన్నె చెత్తలో పోశాడు. రెండోసారి గరిటె వదలకుండా కలిపితే నూకలాగా అయింది, అదీ చెత్తలోకే వెళ్ళింది. ఇంకొక్కసారికి సరిపడా బియ్యమే మిగిలింది. "నీ అమ్మ కడుపు మాడ, ఏం తిండిరా ఇది!" అని గరిటె సింకులోకి విసిరి, మళ్ళీ తనే తీసి కడుక్కున్నాడు. అతిథులొచ్చే వేళయింది. ఈసారి గింజ చెడకుండా దించి, పైన వెన్నా చీజూ దండిగా వేసి మూతపెట్టాడు.

ఆఫీసు నుంచి లత, ఆవిడ వెనకాలే పావొలా పూలగుత్తితో వచ్చారు. బ్రూనో సన్నగా, నెరిసిన గడ్డంతో, స్కూలు మాస్టారిలా ఉన్నాడు. మూత తీయగానే లత మొహంలో రంగు మారడం వెంకటరాజు చూశాడు. ఆవిడ గరిటె తీసుకుని వడ్డించింది. బ్రూనో ఒక ముద్ద తిని, రెండో ముద్ద స్పూనుతో ఎత్తి దీపం వెలుతురులో చూశాడు.

"అందమైన బియ్యం," అన్నాడు ఇంగ్లీషులో. "ఏ గింజా పక్కదాన్ని ముట్టుకోవడం లేదు."

వెంకటరాజు పొంగిపోయాడు. అది మెచ్చుకోలు కాదని లతకి తెలుసు. ఆవిడ బల్ల కింద ఆయన కాలు తొక్కింది గానీ అప్పటికే ఆయన గేటు తెంచుకున్న కాలవలా సాగిపోయాడు. తన రకం ఎలా తీశాడో చెప్పాడు. మార్కెట్టులో అమ్మిన మోసపు సరుకు ఎలా పట్టుకున్నాడో, ప్రతి గింజలోనూ తెల్లమచ్చ చూపించి డబ్బు ఎలా వెనక్కి రాబట్టాడో అభినయంతో సహా వినిపించాడు.

బ్రూనో నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఆ మచ్చ మాకు కావాలండీ," అన్నాడు మెల్లగా. "ఉడికేటప్పుడు కూరగాయల నీళ్ళన్నీ పీల్చుకునేది ఆ భాగమే. పైపొర కరిగి చిక్కబడుతుంది, లోపల కొంచెం పలుకు ఉంటుంది. మా నాన్నది బియ్యం ఆడే మర. మచ్చ లేని బస్తా వస్తే బండి మీంచి దింపనిచ్చేవాడు కాదు."

పావొలా నీళ్ళ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది. లత చీజు గిన్నె అటు జరిపి ఇటు జరిపింది.

"మీ పొలాల్లో అలాంటి గింజ వచ్చేదా?" అని అడిగాడు బ్రూనో. ఇప్పుడాయన ముందుకి వంగి కూర్చున్నాడు.

"బోలెడు. గింజ పాలు పోసుకునే వేళ రాత్రుళ్ళు వేడిగా ఉంటే ఇంకా ఎక్కువ. ఏ వరస మచ్చ వేస్తుందో చేలో నడుస్తూనే చెప్పేసేవాణ్ణి."

"నా పరిశోధనంతా ఆ మచ్చ మీదే. ఆ వరసల విత్తనం ఉందా?"

"లేదు. కొట్టేశాం. కోళ్ళకి పోశాం."

"వండి చూశాకేనా?"

అబద్ధం చెప్పొచ్చు. అవునంటే పోయేది. కానీ వెంకటరాజుకి నోరు రాలేదు. అన్నమంతా పట్టి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలంటారు. ఆయన ఆ ఒక్క మెతుకూ పట్టి చూడలేదు. మచ్చ కనపడగానే ఎర్రగీత పడేది, అంతే. తల అడ్డంగా ఊపాడు.

బ్రూనో వెనక్కి జారి కూర్చుని, కంచంలో ఉన్నదంతా మర్యాదగా తిన్నాడు. ఆ తరవాత వానల గురించీ, రైళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. ల్యాబులో ఉద్యోగం మాట రాలేదు. లిఫ్టు దాకా వెళ్ళి సాగనంపినా రాలేదు.

లత గిన్నెలు తీస్తోంది. తిడుతుందని వెంకటరాజు ఎదురుచూశాడు. తిడితే తనూ రెండు అనొచ్చు, ఇంత ఖరీదు పెట్టి ఎవడు కొనమన్నాడు అనొచ్చు. ఆవిడ తిట్టలేదు.

"టికెట్ ఎప్పటికి చెయ్యమంటారు?" అంది.

గొంతులో కోపం లేదు. అడిగి అడిగి అలిసిపోయిన గొంతు అది. వెళ్ళిపోతానని వచ్చిన రోజునుంచీ తనే బెదిరిస్తున్నాడు, ఆవిడ ఒక్కసారీ సరేననలేదు. ఇప్పుడు అంది.

"లతా, రేపు ఆ బియ్యం ఇంకో ప్యాకెట్ తెస్తాను," అన్నాడు. "కడగను. కాగితంలో ఉన్నట్టే వండుతాను."

"ఎవరికండీ? వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారుగా."

"మనకే. పదిహేనేళ్ళు పారబోశాను. ఎలా ఉంటుందో నాకు తెలీదు."

లత చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట 'తెలీదు' అన్న మాట వినడం అదే మొదలు. గిన్నె కింద పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. టికెట్ మాట మళ్ళీ అడగలేదు, వెళ్ళొద్దని కూడా అనలేదు.